సెకన్లు చెప్పని సంగతి: గామా కిరణ విస్ఫోటనాల వర్గీకరణ ఎందుకు తలకిందులవుతోంది?

2023 మార్చి 7న వచ్చిన ఒక గామా కిరణాల మెరుపును ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు దాదాపు 200 సెకన్లపాటు నమోదు చేసింది. అప్పటివరకు చూసిన వేలాది విస్ఫోటనాల్లో ప్రకాశంలో దానిది రెండో స్థానం. ముప్పై ఏళ్లుగా పాఠాల్లో చెబుతున్న సూత్రం ప్రకారం ఇంత పొడుగాటి మెరుపు ఒక భారీ నక్షత్రం కుప్పకూలినప్పుడే రావాలి. అలాగైతే ఆ వెనకే నక్షత్రం పేలిన వెలుగు, అంటే ఒక సూపర్‌నోవా కూడా కనిపించాలి. అది కనిపించలేదు. నెల రోజుల తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు అక్కడ చూసింది రెండు మృత తారలు ఢీకొన్నప్పుడు తయారయ్యే భార మూలకాల ఆనవాళ్లను.

అదొక్కటే అయితే మినహాయింపు అని పక్కన పెట్టొచ్చు. అంతకు పదిహేను నెలల ముందు ఇలాంటిదే మరొకటి జరిగింది. వీటికి సరిగ్గా ఎదురుగా, నక్షత్రం కూలినా ఒక్క సెకనులో ముగిసిపోయిన విస్ఫోటనం కూడా ఉంది. 2025లోనైతే గంటల తరబడి సాగిన విస్ఫోటనం ఒకటి కనిపించింది.

క్లుప్తంగా

గామా కిరణ విస్ఫోటనాలను (వీటిని జీఆర్‌బీలంటారు) ఇంతకాలం 2 సెకన్ల గీతతో రెండుగా విడదీశారు. గీతకు పైన ఉన్నవి కూలిన నక్షత్రాలవి, కింద ఉన్నవి న్యూట్రాన్ తారల (భారీ నక్షత్రాలు చచ్చాక మిగిలే అతి సాంద్రమైన గోళాల) విలీనాలవి అనుకున్నారు. ఇటీవలి పరిశీలనలు ఈ గీత రెండువైపులా చెరిగిపోతోందని చూపించాయి. మెరుపు ఎంతసేపు ఉందన్నది లోపలి యంత్రాంగం గురించి ఒక సూచన మాత్రమే. కారణాన్ని తేల్చేది ఆ తర్వాత రోజులు, వారాలపాటు అక్కడ మిగిలే వెలుగు. బంగారం, ప్లాటినం వంటి మూలకాలు విశ్వంలో ఎక్కడ పుట్టాయన్న లెక్క కూడా దీంతో మారుతోంది.

2 సెకన్ల గీత ఎలా పుట్టింది

ఈ మెరుపులను మొదట చూసినవి ఖగోళ పరిశోధన కోసం పంపిన ఉపగ్రహాలు కావు. 1963 నాటి పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా ప్రయోగించిన వేలా ఉపగ్రహాలవి. 1967 జులై 2న వాటికి అందిన సంకేతం అణుబాంబుది కాదు. అది భూమి నుంచీ సూర్యుడి నుంచీ కూడా రాలేదని నిర్ధారించుకుని, అలాంటి మరికొన్నింటిని పోగు చేసి, 1973లో బయటపెట్టారు.

ఆపై రెండు దశాబ్దాలపాటు ఇవి మన పాలపుంతలోనివా, బయటివా అన్నదే తేలలేదు. 1991లో ప్రయోగించిన కాంప్టన్ అబ్జర్వేటరీలోని బాట్సీ పరికరం తొమ్మిదేళ్లలో 2,704 విస్ఫోటనాలను నమోదు చేసింది. అవి ఆకాశమంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయి. పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడలేదు. 1997 ఫిబ్రవరి 28న బెప్పోసాక్స్ ఉపగ్రహం ఒక విస్ఫోటనం తర్వాత మిగిలిన ఎక్స్‌రే వెలుగును పట్టుకోవడంతో దాని కచ్చితమైన చోటు దొరికింది. అదే ఏడాది మేలో వచ్చిన మరొకదాని దూరాన్ని కొలిచాక, అవి వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి సంగతులని రుజువైంది.

బాట్సీ సమాచారంలోనే ఇంకో విషయం బయటపడింది. విస్ఫోటనాల వ్యవధులను గ్రాఫుగా గీస్తే ఒకటికి బదులు రెండు గుట్టలు వచ్చాయి. ఒకటి అర సెకను దరిదాపుల్లో, మరొకటి పదుల సెకన్ల దగ్గర. మధ్యలోని లోయ 2 సెకన్ల వద్ద. పొట్టివాటిలో అధిక శక్తి గల గామా కిరణాల వాటా కూడా ఎక్కువ. 1993లో ఈ విభజన ప్రచురితమైంది. అప్పటినుంచీ 2 సెకన్లు అనే అంకె ఈ రంగంలో దాదాపు చట్టమైంది.

తర్వాత వచ్చిన సాక్ష్యాలు దాన్ని బలపరిచాయి. 1998 ఏప్రిల్‌లో ఒక పొడుగు విస్ఫోటనం ఉన్న దిశలోనే సూపర్‌నోవా కనిపించింది. 2003 మార్చి 29 నాటి విస్ఫోటనంలోనైతే ఆరిపోతున్న వెలుగు లోపలి నుంచి సూపర్‌నోవా వర్ణపటం స్పష్టంగా పైకి తేలింది. పొడుగువి నక్షత్రాల చావులు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. 2004లో స్విఫ్ట్ ఉపగ్రహం వచ్చాక పొట్టివాటి చిరునామాలూ దొరకసాగాయి. అందులో కొన్ని కొత్త నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిన ముసలి గెలాక్సీల్లో ఉన్నాయి. స్వల్పాయువు గల భారీ నక్షత్రాలకు అక్కడ చోటు లేదు. కాబట్టి పొట్టివి విలీనాలు కావాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గీత గీసింది గణాంకాల్లోని లోయను చూసి. ఏ గుట్టకు ఏ కారణమో తర్వాత అతికించారు. రెండు గుట్టలు ఒకదానిమీదొకటి కొంత ఒరిగి ఉంటాయని, సరిహద్దు దగ్గర కలగాపులగం తప్పదని నిపుణులకు మొదటినుంచీ తెలుసు. సరిహద్దుకు చాలా దూరంలో, 50 సెకన్ల దగ్గర, 200 సెకన్ల దగ్గర కూడా లెక్క తప్పుతుందని మాత్రం చాలామంది ఊహించలేదు.

లోపలి యంత్రం ఎంత చిన్నదంటే

వ్యవధి ఎందుకు మోసం చేస్తుందో అర్థం కావాలంటే గామా కిరణాలు ఎలా పుడతాయో చూడాలి.

ఈ మెరుపుల్లో వెలుగు సెకనులో వెయ్యో వంతు కాలంలో కూడా ఎగిసి పడుతుంది. ఆ కొద్దిసేపట్లో కాంతి ప్రయాణించేది 300 కిలోమీటర్లే. ఒక వస్తువు మొత్తంగా ఇంత త్వరగా మారాలంటే దాని పరిమాణం దాదాపు ఆ దూరానికి లోబడే ఉండాలి. అంటే వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల్నుంచి కనిపిస్తున్న ఈ వెలుగుకు మూలం కొన్ని వందల కిలోమీటర్లకు మించని యంత్రం. కృష్ణబిలమో, న్యూట్రాన్ తారో తప్ప మరేదీ ఈ కొలతకు సరిపోదు.

ఇందులోనే ఒక చిక్కుంది. అంత ఇరుకు చోట అన్ని గామా కిరణాలు కిక్కిరిస్తే అవి ఒకదాన్నొకటి ఢీకొని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలుగా మారిపోతాయి. అధిక శక్తి కిరణాలు బయటికి రానే రావు. కానీ వస్తున్నాయి. దీనికి దారి ఒక్కటే: వెలుగును చిమ్మే పదార్థం కాంతి వేగంలో 99.99 శాతానికి మించిన వేగంతో మనవైపు దూసుకు వస్తూ ఉండాలి. అప్పుడు ఆ పదార్థంతోపాటు కదిలే పరిశీలకుడికి కిరణాల శక్తి చాలా తక్కువగా ఉంటుంది. వెలుగు పుట్టే ప్రాంతం కూడా మనం అనుకున్నదానికన్నా ఎంతో పెద్దదవుతుంది. కాబట్టి అవి ఢీకొని నశించవు.

ఆ వేగంతో పదార్థమంతా నలుదిక్కులా పేలడం లేదు. సన్నటి జెట్‌గా రెండు ధ్రువాల వైపు వెళుతుంది. జెట్ అంచు దాని అక్షానికి 5 డిగ్రీల దూరంలో ఉందనుకుంటే, ఇలాంటి సుమారు 250 ఘటనల్లో ఒకటి మాత్రమే మనవైపు తిరిగి ఉంటుంది. అంటే కనిపించే ప్రతి జీఆర్‌బీ వెనక మనకు కనిపించకుండా పోయినవి వందల్లో ఉంటాయి. ఇలా సన్నగా ఉండడం వల్లే శక్తి లెక్క కూడా నమ్మశక్యమయ్యే స్థాయికి దిగింది. నలుదిక్కులా చిమ్మితే సూర్యుడి ద్రవ్యరాశి మొత్తాన్ని శక్తిగా మార్చినా సరిపోని సందర్భాలున్నాయి. జెట్ అనుకుంటే చాలావాటికి అయ్యే ఖర్చు, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితంలో వెదజల్లే మొత్తం శక్తికి దగ్గరగా వస్తుంది. అదంతా కొన్ని సెకన్లలో.

వ్యవధిని నిర్ణయించేదేమిటి

జెట్ నడవాలంటే మధ్యలోని కృష్ణబిలం చుట్టూ తిరిగే పదార్థపు పళ్లెం ఉండాలి. పళ్లెం నుంచి పదార్థం లోపలికి పడుతున్నంతసేపూ, అయస్కాంత క్షేత్రాలు కృష్ణబిలం భ్రమణం నుంచి శక్తిని తోడుతున్నంతసేపూ జెట్ సాగుతుంది. పళ్లెం ఖాళీ కాగానే ఆగుతుంది.

భారీ నక్షత్రం కూలినప్పుడు పై పొరలు ఒక్కసారిగా పడవు. వరుసగా పదుల సెకన్లపాటు పడుతూనే ఉంటాయి. పళ్లేనికి మేత దొరుకుతూనే ఉంటుంది. అందుకే పొడుగు మెరుపు. అయితే జెట్ ముందు ఆ నక్షత్రం దేహాన్ని తొలుచుకుని బయటపడాలి. దానికి పది సెకన్ల వరకూ పడుతుంది. ఆ సేపు యంత్రం పనిచేస్తున్నా బయట ఏమీ కనిపించదు. మనం కొలిచే వ్యవధి అంటే యంత్రం నడిచిన కాలంలోంచి తొలిచే కాలం తీసేస్తే మిగిలేది.

న్యూట్రాన్ తారల విలీనంలో పరిస్థితి వేరు. సుమారు 20 కిలోమీటర్ల వెడల్పు, సూర్యుణ్ణి మించిన బరువు గల రెండు గోళాలు ఢీకొంటే చుట్టూ మిగిలే పదార్థం సూర్యుడి ద్రవ్యరాశిలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అంత కొద్ది పదార్థం సెకను లోపే లోపలికి వెళ్లిపోవాలి. తొలచాల్సిన నక్షత్రం కూడా లేదు. అందుకే పొట్టి మెరుపు.

కాగితం మీద ఈ వివరణ ఎంతో పొందికగా ఉంటుంది. 2017 ఆగస్టు 17న ప్రకృతే దానికి ముద్ర వేసినట్టయింది. ఆ రోజు గురుత్వ తరంగాలను, అంటే భారీ వస్తువుల కదలికకు స్థలకాలంలో లేచే అలలను, పట్టే లైగో, వర్గో పరికరాలు రెండు న్యూట్రాన్ తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కలిసిపోతున్న గురుత్వ తరంగాలను సుమారు 100 సెకన్లపాటు విన్నాయి. ఆ సంకేతం ఆగిన 1.7 సెకన్లకు ఫెర్మీకి పొట్టి గామా మెరుపు అందింది. గంటల్లోనే 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త వెలుగు కనిపించింది. అది మొదట నీలంగా ఉండి, రోజుల్లోనే ఎర్రబడి, పరారుణంలోకి జారిపోయింది. దీన్నే కిలోనోవా అంటారు.

ఆ రంగు మార్పులోనే సంగతంతా ఉంది. విలీనంలో చిమ్మిన పదార్థం నిండా న్యూట్రాన్లే. అణుకేంద్రకాలు క్షీణించేందుకు వ్యవధి ఇవ్వకుండా న్యూట్రాన్లు వాటిలోకి చొరబడతాయి. సెకన్లలో ఇనుము దాటి బంగారం, ప్లాటినం, యురేనియం దాకా కేంద్రకాలు పెరుగుతాయి. ఆ కొత్త కేంద్రకాల రేడియోధార్మిక క్షీణతే కిలోనోవాను వెలిగించే ఇంధనం. లాంథనైడ్ల వంటి భార మూలకాలు నీలి కాంతిని గట్టిగా అడ్డుకుంటాయి. కనుక వెలుగు ఎర్రగా, పరారుణంగా మాత్రమే బయటపడుతుంది. ఒక వెలుగు ఇలా ఎర్రబడితే అక్కడ భార మూలకాలు తయారయ్యాయని అర్థం. పేలుడు ఎంతసేపు జరిగిందన్న దానితో సంబంధం లేని సాక్ష్యమిది.

గీత దాటిన రెండు విస్ఫోటనాలు

2021 డిసెంబరు 11న వచ్చిన జీఆర్‌బీ 211211ఎ పొడుగు వర్గానికి అచ్చమైన నమూనాలా కనిపించింది. సుమారు 13 సెకన్ల ప్రచండమైన మెరుపు, ఆ వెనక 55 సెకన్లపాటు కాస్త మెత్తబడిన వెలుగు. దూరం సుమారు 110 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ రంగంలో అది పక్కిల్లు లాంటి దూరం. సూపర్‌నోవా ఉంటే దాక్కునే వీల్లేదు. ఎంత వెతికినా కనిపించలేదు. కనిపించింది 2017 నాటి కిలోనోవాను ప్రకాశంలోనూ, రంగు మారే తీరులోనూ పోలిన పరారుణ వెలుగు.

నిజానికి ఇలాంటి హెచ్చరిక 2006లోనే వచ్చింది. ఆ ఏడాది జూన్ 14 నాటి విస్ఫోటనం 100 సెకన్లకు పైగా సాగినా సూపర్‌నోవా లేదు. అప్పట్లో తగిన పరారుణ సమాచారం లేక, దాన్ని వింత కేసుగా పక్కన పెట్టారు. ఒక్క ఉదాహరణతో వర్గీకరణను తిరగరాయడానికి శాస్త్రం తొందరపడదు, అది సబబే. 2021 నాటి విస్ఫోటనం తర్వాత ఆ పాత ఫైలును మళ్లీ తెరవాల్సి వచ్చింది.

2023 మార్చి 7 నాటి జీఆర్‌బీ 230307ఎ విషయంలో అందరూ ముందే సిద్ధంగా ఉన్నారు. మెరుపు వచ్చిన 29 రోజులకు, మళ్లీ 61 రోజులకు జేమ్స్ వెబ్ టెలిస్కోపును అటు తిప్పారు. భూమ్మీది టెలిస్కోపులకు ఆ సరికి అక్కడ మిగిలింది దాదాపు శూన్యం. వెబ్ మాత్రం పరారుణంలో ఒక ఎర్రటి చుక్కను చూసింది. దాని వర్ణపటంలో 2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దాటిన చోట ఒక వెడల్పాటి గుట్ట లేచి ఉంది. పదార్థం అతివేగంగా విస్తరిస్తుంటే వర్ణపట రేఖ అలా పరుచుకుంటుంది. ఆ వెడల్పును, స్థానాన్ని లెక్కగట్టి చూస్తే అది టెల్లూరియం మూలకానికి సరిపోయింది. భూమి పైపొరలో ప్లాటినంలాగే అత్యంత అరుదైన మూలకమది. న్యూట్రాన్లను వేగంగా మింగే ప్రక్రియలో అది పెద్దమొత్తంలో తయారవుతుందని సిద్ధాంతం ముందునుంచీ చెబుతోంది.

ఆ చుక్క ఉన్న చోటు కూడా మాట్లాడుతుంది. అత్యంత సంభావ్యమైన మాతృ గెలాక్సీ నుంచి అది దాదాపు 1,20,000 కాంతి సంవత్సరాల దూరంలో, ఖాళీ ఆకాశంలో ఉంది. మన పాలపుంత అడ్డుకొలత కూడా ఇంచుమించు అంతే. భారీ నక్షత్రం తాను పుట్టిన చోటునుంచి అంత దూరం వెళ్లలేదు. దాని ఆయుష్షు కొన్ని పదుల లక్షల ఏళ్లే. న్యూట్రాన్ తారల జంట వెళ్లగలదు. అవి పుట్టిన సూపర్‌నోవాలే వాటిని విసిరేస్తాయి. ఆ తర్వాత గురుత్వ తరంగాల రూపంలో శక్తి కోల్పోతూ కలవడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. ఆలోగా అవి గెలాక్సీ దాటిపోతాయి.

సూపర్‌నోవా లేకపోవడం, ఎర్రబడే వెలుగు, టెల్లూరియం, గెలాక్సీ బయటి చిరునామా. నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. వ్యవధి ఒక్కటే ఎదురు చెబుతోంది. ఇలాంటప్పుడు వ్యవధిని నమ్మడమంటే జ్వరం ఎన్నాళ్లుందో చూసి రోగం పేరు చెప్పడమే.

అటువైపు నుంచి కూడా

2020 ఆగస్టు 26 నాటి విస్ఫోటనం సుమారు ఒక్క సెకనులో ముగిసింది. సూత్రం ప్రకారం విలీనం కావాలి. వారాల తర్వాత అక్కడ తేలింది సూపర్‌నోవా వెలుగు. దీనికి పైన చెప్పిన తీసివేత లెక్కే సమాధానం. యంత్రం పది సెకన్లకు కాస్త ఎక్కువ నడిచి, తొలవడానికే దాదాపు పది సెకన్లూ పట్టిందనుకుంటే బయట కనిపించేది ఆ చివరి సెకను మాత్రమే. ఇంకొంచెం బలహీనమై ఉంటే జెట్ నక్షత్రంలోనే ఊపిరాడక ఆగిపోయేది. అలా ఆగిపోయిన జెట్లు ఎన్నో ఉంటాయని భావించడానికి ఇది గట్టి ఆధారం.

కొలతలోనే ఉన్న లోపం మరొకటి. వ్యవధి అంటే, నమోదైన మొత్తం గామా కిరణాల్లో మొదటి 5 శాతం, చివరి 5 శాతం వదిలేసి మధ్యలోని 90 శాతం రావడానికి పట్టిన కాలం. పరికరం సున్నితత్వాన్ని బట్టి, అది చూసే శక్తి పరిధిని బట్టి ఈ అంకె మారుతుంది. దానికి తోడు విశ్వం విస్తరిస్తోంది కాబట్టి దూరపు ఘటనల కాలం కూడా సాగిపోయి అందుతుంది. 2009 ఏప్రిల్ 23న వచ్చిన విస్ఫోటనం మన గడియారంలో 10 సెకన్లు. దాని రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే కొలత) 8.2. అంటే కాలం 9.2 రెట్లు సాగింది కనుక అక్కడి గడియారంలో అది సెకనుకు కాస్త ఎక్కువ. అంటే మన దగ్గర పొడుగు, అక్కడ పొట్టి. ఒకే ఘటన పరిశీలకుడి దూరాన్ని బట్టి వర్గం మారిపోతుంటే, ఆ వర్గం ఘటనకు సంబంధించిన సహజ గుణం ఎలా అవుతుంది?

పొట్టివాటిలో మూడో రకం కూడా కలిసిపోయి ఉంది. మాగ్నెటార్లు, అంటే విపరీతమైన అయస్కాంత క్షేత్రం గల న్యూట్రాన్ తారలు, అప్పుడప్పుడు మహా జ్వాలలు చిమ్ముతాయి. పక్క గెలాక్సీల్లో జరిగితే అవి అచ్చం పొట్టి జీఆర్‌బీల్లాగే కనిపిస్తాయి. 2020 ఏప్రిల్‌లో ఎన్‌జీసీ 253 గెలాక్సీ వైపునుంచి, 2023 నవంబరులో ఎం82 వైపునుంచి వచ్చిన మెరుపులు ఇలాంటివే.

విలీనం ఇంతసేపు ఎలా సాగింది?

పొట్టిగా ముగిసిన నక్షత్ర మరణానికి వివరణ దొరికింది. పొడుగ్గా సాగిన విలీనానికి ఇంకా పోటీ నడుస్తోంది. ప్రధానంగా వినిపిస్తున్న వాదనలు ఇవి.

మొదటిది, విలీనం తర్వాత వెంటనే కృష్ణబిలం ఏర్పడకుండా అతివేగంగా తిరిగే మాగ్నెటార్ మిగిలిందన్నది. అది తన భ్రమణ శక్తిని నెమ్మదిగా ఖర్చు చేస్తూ జెట్‌ను ఎక్కువసేపు నడిపించగలదు. 13 సెకన్ల తర్వాత మెత్తబడిన వెలుగు కొనసాగడం దీనికి నప్పుతుంది. చిక్కల్లా ఆ మాగ్నెటార్ బరువుకు కూలిపోకుండా అంతసేపు నిలబడగలదా అన్నది.

రెండోది, ఢీకొన్నవాటిలో ఒకటి కృష్ణబిలమై ఉండడం. అది న్యూట్రాన్ తారను చీల్చినప్పుడు కొంత పదార్థం పొడవాటి తోకలా విసిరివేయబడి, తర్వాత తిరిగొచ్చి పడుతుంది. పళ్లేనికి ఆలస్యంగా అందే మేత అది. దీనికి దగ్గరిదే మరొక వాదన ఉంది. పళ్లెం మామూలుకన్నా బరువుగా ఉండి, దాని అయస్కాంత క్షేత్రం పోగుపడి కృష్ణబిలంలోకి పడే పదార్థాన్ని అడ్డుకుంటే జెట్ పదుల సెకన్లు సాగుతుందని కంప్యూటర్ నమూనాలు చూపుతున్నాయి. రెండు న్యూట్రాన్ తారలతోనే పని జరిగిపోతుంది, కొత్త పాత్రలు అక్కర్లేదు. ప్రస్తుతం ఉన్నవాటిలో అతి తక్కువ ఊహలతో నిలబడేది ఇదే అనిపిస్తుంది.

మూడోది, న్యూట్రాన్ తారతో తెల్ల మరుగుజ్జు తార (సూర్యుడి లాంటి నక్షత్రం చచ్చాక మిగిలే శేషం) ఢీకొనడం. తెల్ల మరుగుజ్జు పరిమాణం దాదాపు భూమంత. కనుక పళ్లెం పెద్దది, ఖాళీ కావడానికి సహజంగానే ఎక్కువ సమయం పడుతుంది. వ్యవధి సమస్య దానంతట అదే తీరిపోతుంది. కానీ అక్కడి పదార్థం కార్బన్, ఆక్సిజన్ వంటివి. న్యూట్రాన్లు అంత సమృద్ధిగా ఉండవు. టెల్లూరియం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఈ వాదన దగ్గర సూటి జవాబు లేదు.

గంటల తరబడి సాగినది

2025 జులై 2 నాటి జీఆర్‌బీ 250702బి ఈ చర్చను మరో దిక్కుకు లాగింది. ఫెర్మీ పరికరానికి ఒకే రోజు ఒకే దిశ నుంచి పలుమార్లు మెరుపులు అందాయి. మామూలుగా జీఆర్‌బీ ఒక్కసారే వస్తుంది, ఎందుకంటే దాన్ని పుట్టించే వస్తువు ఆ ఘటనలోనే అంతమైపోతుంది. ఇది కనీసం 7 గంటలు సాగింది. 2024 జనవరిలో ప్రయోగించిన చైనా ఉపగ్రహం ఐన్‌స్టీన్ ప్రోబ్ సమాచారాన్ని వెనక్కి తిప్పి చూస్తే, గామా మెరుపులకు ముందు రోజు నుంచే అక్కడ ఎక్స్‌రేలు వెలువడుతున్నాయి. ఆ కాంతి సుమారు 800 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చింది.

కూలే నక్షత్రానికి గానీ, న్యూట్రాన్ తారల జంటకు గానీ ఇన్ని గంటల మేత లేదు. అందుకే వేరే దృశ్యాలను పరిశీలిస్తున్నారు. జంటలోని కృష్ణబిలం తన తోడు నక్షత్రంలోకి, ముఖ్యంగా హైడ్రోజన్ పొరలు కోల్పోయిన హీలియం నక్షత్రంలోకి, దూరి లోపలినుంచి తినేయడం ఒకటి. సూర్యుడికి వేల రెట్ల బరువుండే మధ్యస్థ కృష్ణబిలం ఒక తారను దశలవారీగా చీల్చుకుతినడం మరొకటి. రెండోదే నిజమైతే అలాంటి కృష్ణబిలం నుంచి జెట్ వెలువడడాన్ని ప్రత్యక్షంగా చూసినట్టవుతుంది. ఏది నిజమైనా ఒకటి స్పష్టం: గామా జెట్ అనేది ఏ ఒక్క రకం చావుకో చిహ్నం కాదు. కృష్ణబిలానికి వేగంగా మేత దొరికిన ప్రతిచోటా అది పుట్టగలదు.

బంగారం లెక్క ఎందుకు మారుతోంది

ఇనుముకన్నా భారమైన మూలకాల్లో దాదాపు సగం, న్యూట్రాన్లను వేగంగా మింగే ప్రక్రియలోనే పుట్టాయి. 2017 విలీనంలో సూర్యుడి ద్రవ్యరాశిలో కొన్ని శాతాల మేర భార పదార్థం వెలువడిందని అంచనా. 2019లో ఆ వర్ణపటంలో స్ట్రాన్షియం ఆనవాలు గుర్తించారు. దాంతో విలీనాలు భార మూలకాల కర్మాగారాలే అని ఖరారైంది. అవి ఒక్కటే కర్మాగారమా అన్నది వేరే ప్రశ్న. పాలపుంతలోని అతి పాత నక్షత్రాల్లోనూ ఈ మూలకాలు ఉన్నాయి. విలీనానికి కోట్ల ఏళ్లు పడితే, అంత తొలినాళ్లలో అవి ఎలా అందాయి?

భారీ నక్షత్రాలు త్వరగా చస్తాయి కాబట్టి అనుమానం వాటి మీదికి వెళ్లింది. దాన్ని పరీక్షించే అవకాశం 2022 అక్టోబరు 9న దొరికింది. ఆ రోజు వచ్చిన జీఆర్‌బీ 221009ఎ ఇప్పటివరకు చూసినవాటిలో అత్యంత ప్రకాశవంతమైనది. భూమికి ఇంత వెలుగు చేరేది పది వేల ఏళ్లకు ఒకసారి అని అంచనా. చైనాలోని లాసో పరికరం అందులో 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల వరకు శక్తి గల కిరణాలను నమోదు చేసింది. కంటికి కనిపించే కాంతి కణంకన్నా అది దాదాపు ఆరు లక్షల కోట్ల రెట్లు. జేమ్స్ వెబ్ తర్వాత అక్కడ సూపర్‌నోవాను చూసింది. కానీ అది ఇతర జీఆర్‌బీ సూపర్‌నోవాల మాదిరిదే. భార మూలకాల జాడ అందులో లేదని 2024లో ప్రచురితమైంది. అంత గొప్ప మెరుపు కూడా బంగారాన్ని తయారు చేసిన సూచన ఇవ్వలేదు.

మరో దారి పాత సమాచారంలోనే దొరికింది. 2004 డిసెంబరు 27న మన పాలపుంతలోని ఒక మాగ్నెటార్ మహా జ్వాల చిమ్మింది. ఆ జ్వాల తర్వాత ఆలస్యంగా వచ్చిన గామా సంకేతానికి ఇరవై ఏళ్లపాటు అర్థం దొరకలేదు. అది కొత్తగా పుట్టిన భార కేంద్రకాల క్షీణతకు సరిపోతుందని 2025లో ఒక బృందం చూపింది. పాలపుంతలోని ఈ రకం మూలకాల్లో పదో వంతు దాకా మాగ్నెటార్ల నుంచే వచ్చి ఉండొచ్చని ఆ అంచనా. మాగ్నెటార్లు నక్షత్రాలు పుట్టిన కొద్దికాలానికే ఏర్పడతాయి కాబట్టి పాత నక్షత్రాల చిక్కుకు ఇది కొంత జవాబు.

పొడుగు విలీనాల ప్రాధాన్యం ఇక్కడే. పొడుగు మెరుపు అనగానే సూపర్‌నోవా కోసం చూసి, లేకపోతే వదిలేసిన పాత ఘటనల్లో కొన్ని నిజానికి కిలోనోవాలై ఉండొచ్చు. అంటే విలీనాల సంఖ్యను, వాటి ద్వారా తయారైన భార మూలకాల మొత్తాన్ని తక్కువగా లెక్కపెట్టి ఉండే అవకాశముంది.

భూమికి ప్రమాదమా?

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. 2022 నాటి విస్ఫోటనం దాదాపు 190 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చి కూడా భూమి వాతావరణంలో విద్యుదావేశం గల పైపొర అయిన అయనోస్ఫియర్‌లో కొలవగలిగినంత కదలిక తెచ్చింది. జీవులకు దానివల్ల హాని లేదు. ప్రమాదం ఉండాలంటే విస్ఫోటనం మన గెలాక్సీలోనే, కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపు, జెట్ సూటిగా మనవైపు తిరిగి జరగాలి. పైగా పొడుగు విస్ఫోటనాలకు కారణమయ్యే నక్షత్రాలు భార మూలకాలు తక్కువున్న గెలాక్సీల్లోనే ఎక్కువ. ఆ మూలకాలు ఎక్కువుంటే నక్షత్రపు గాలులు బలంగా వీచి, దాని భ్రమణాన్ని హరిస్తాయి. వేగంగా తిరగని నక్షత్రం కూలినా పళ్లెం ఏర్పడదు, జెట్ రాదు. పాలపుంతలో ఈ మూలకాలు సమృద్ధిగా ఉన్నాయి.

తేల్చగలిగేది గురుత్వ తరంగాలే

2021 డిసెంబరు, 2023 మార్చి విస్ఫోటనాలు రెండూ గురుత్వ తరంగాల పరికరాలు పరిశీలనలో లేని విరామంలోనే వచ్చాయి. మూడో విడత 2020 మార్చిలో ముగిసింది. నాలుగోది 2023 మే 24న మొదలైంది. రెండో విస్ఫోటనం దానికి పదకొండు వారాల ముందే వచ్చి వెళ్లింది. పరికరాలు నడుస్తున్నా, 100 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారల విలీనం వినిపించి ఉండేదని చెప్పలేం. నాలుగో విడతలో లైగో సగటు పరిధి దానికి దాదాపు సగమే. కృష్ణబిలంతో ఢీ అయితే తరంగాలు బలంగా ఉండి ఇంకాస్త దూరం నుంచి అందుతాయి.

ఇదే పరిధిలో మరో పొడుగు విలీనం జరిగితే పైన చెప్పిన వాదనలను నేరుగా వేరు చేయొచ్చు. తరంగాల పౌనఃపున్యం పెరిగే తీరును బట్టి ఢీకొన్నవాటి ద్రవ్యరాశులు తెలుస్తాయి. రెండూ తేలికైతే న్యూట్రాన్ తారలు, ఒకటి బరువైతే కృష్ణబిలం. తెల్ల మరుగుజ్జు అయితే పరిమాణం పెద్దది కాబట్టి, లైగో వినగల పౌనఃపున్యానికి చేరకముందే చిరిగిపోతుంది. అప్పుడు కిలోనోవా లాంటి వెలుగు కనిపిస్తుంది, దగ్గర్లోనే ఉంటుంది, అయినా పరికరాల్లో ఏ సంకేతమూ ఉండదు. అలాంటి ఒక్క ఘటన చాలు, మూడో వాదనకు బలం రావడానికి.

ఈలోగా వర్గీకరణలో మార్పు మొదలైంది. కొత్త పత్రాల్లో పొట్టి, పొడుగు అన్న పేర్ల పక్కన 'విలీనం నుంచి', 'కూలిన నక్షత్రం నుంచి' అన్న వివరణ కనిపిస్తోంది. 2024 జూన్‌లో ప్రయోగించిన ఫ్రాన్స్, చైనాల ఉమ్మడి ఉపగ్రహం ఎస్‌వామ్ 2025 మార్చి 14న పట్టుకున్న విస్ఫోటనం విషయంలో ఇది ఎందుకు అవసరమో కనిపించింది. రెడ్‌షిఫ్ట్ సుమారు 7.3 కనుక దాని వ్యవధి ఎనిమిది రెట్లకు పైగా సాగి మనకు అందింది. దాన్ని చూసి వర్గం చెప్పే ప్రయత్నం చేయకుండా, మూడు నెలలకు పైగా ఆగి జేమ్స్ వెబ్‌తో అక్కడ సూపర్‌నోవా కోసం వెతికారు. దానికి సరిపోయే వెలుగు కనిపించాకే అది కూలిన నక్షత్రమని రాశారు.